కార్టిసాల్ ఎక్కువుందని రిపోర్టు వచ్చింది, ముందు దాన్నే తగ్గించుకోవాలా?

ఒత్తిడిలో పెరిగే హార్మోన్ కార్టిసాల్ గురించి అడుగుతూ వచ్చింది ఈసారి తీసుకున్న ఉత్తరం. అది ఒక 27 ఏళ్ల అమ్మాయిది. గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె అక్కాబావల దగ్గర ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్నారు. పంతొమ్మిదో ఏట మొదలుపెట్టిన డైటింగ్ ఇప్పటికీ ఏదో ఒక రూపంలో నడుస్తూనే ఉంది. పొద్దున కాఫీ తప్ప ఏమీ ముట్టరు. మధ్యాహ్నం తిన్నాననిపిస్తారు. సాయంత్రం దాకా అలాగే నెట్టుకొస్తారు. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు వేయకుండా, ఫ్రిజ్ వెలుతురులో నిలబడి, కవర్లు చప్పుడు కాకుండా చింపుకుంటూ కడుపు నొప్పి పుట్టేదాకా తింటారు. ఆ తర్వాత బాత్‌రూంలో కుళాయి తిప్పి వాంతి చేసుకుంటారు. వారంలో మూడు నాలుగు రాత్రులు ఇదే వరస. బరువు చూస్తే ఎవరికీ అనుమానం రాదు. ఏడాది క్రితం నెలసరి తప్పిపోతే డాక్టరు హార్మోన్ మాత్రలు రాశారు, అవి వాడుతున్నారు. రాత్రుళ్లు ఏం జరుగుతోందో మాత్రం ఆ డాక్టరుకు చెప్పలేదు.

ఆమె మాటల్లోనే కొంత: "పోయిన నెల మీటింగులో మా మేనేజరు అందరి ముందూ నన్ను కడిగేశాడు. నా పక్కన కూర్చున్న అమ్మాయికి కళ్లనీళ్లు తిరిగాయి. నాకు మాత్రం గుండె కూడా గట్టిగా కొట్టుకోలేదు. నేను మనిషినా, రాయినా అనిపించింది. ఆ రాత్రి తిన్నంత ఎప్పుడూ తినలేదు. ఈమధ్య బుగ్గలు ఉబ్బుతున్నాయి. దాన్ని కార్టిసాల్ ముఖం అంటారని వీడియోల్లో చూసి, నేనే ల్యాబ్‌కి వెళ్లి పరీక్ష చేయించుకున్నాను. అంకె పక్కన ముదురుగా 'హెచ్' అని, అంటే ఎక్కువ అని ఉంది. అంటే ఇన్నేళ్లుగా నన్ను ఆడిస్తున్నది ఈ హార్మోనేనా? దాన్ని తగ్గించే మాత్రలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, అవి వాడితే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయా? ఒకసారి రాత్రి అక్క నన్ను చూసింది. నోరు కట్టుకోలేకపోతే ఎలాగే, మనసు గట్టిగా ఉండాలి అంది. రిపోర్టు చూపిస్తే నమ్ముతుందేమో. చెప్పమంటారా?"

మీరు అడిగినవాటికి జవాబు చెప్పే ముందు, మీరు అడగనిదొకటి చెప్పాలి. ఇప్పుడు మీకు తక్షణం కావాల్సిన రక్తపరీక్ష కార్టిసాల్‌ది కాదు, పొటాషియంది. తరచూ వాంతి చేసుకునేవాళ్లలో పొటాషియం పడిపోయే ప్రమాదముంది. బాగా పడిపోతే గుండె లయ తప్పవచ్చు. బరువు మామూలుగా ఉన్నవాళ్లకూ ఇది జరుగుతుంది, పైకి ఏ బాధా తెలియకుండా కూడా జరుగుతుంది. అందుకే ఈ వారంలోనే ఒక జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్లి పొటాషియం, సోడియం, మెగ్నీషియం, ఫాస్ఫేట్, కిడ్నీ పరీక్షలు, ఒక ఈసీజీ చేయించుకోండి. కళ్లు తిరిగి పడిపోవడం, గుండె దడదడలాడటం లేదా మధ్యలో ఒక దెబ్బ తప్పినట్టు అనిపించడం, కాళ్లూ చేతులూ పట్టు తప్పడం, వాంతిలో రక్తం, ఛాతీ నొప్పి, బతకాలని లేదనిపించడం - వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఇక మీ బుగ్గల సంగతి. అద్దం ముందు నిలబడి చెవుల కింద, దవడ మూల దగ్గర వేళ్లతో తడిమి చూడండి. వాపు అక్కడ మెత్తగా, రెండువైపులా ఉంటే అది చాలావరకు లాలాజల గ్రంథుల వాపు. పదేపదే వాంతి చేసుకునేవాళ్లలో ఆ గ్రంథులు పెరుగుతాయి. వాంతులు ఆగాక మెల్లగా తగ్గుతాయి. కార్టిసాల్ నిజంగానే విపరీతంగా పెరిగే కుషింగ్స్ అనే జబ్బు ఒకటుంది. అందులోనూ ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది గానీ, దాంతోపాటు చర్మం మీద వెడల్పాటి ఊదారంగు చారలు, చిన్న దెబ్బకే కమిలిపోవడం, కూర్చున్నచోట నుంచి లేవడానికి తొడల్లో బలం లేకపోవడం, రక్తపోటు వంటివి కనిపిస్తాయి. మీకు అలాంటివేమైనా ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ముఖం ఉబ్బిన ప్రతివాళ్లకీ కార్టిసాల్ పేరు తగిలించే వీడియోలు మీలాంటివాళ్లను అసలు కారణం నుంచి పక్కకు తీసుకెళ్తున్నాయి. నాకు నిజంగా కోపం తెప్పించేది అదే.

మీ రిపోర్టులోని అంకెను కూడా కాస్త విప్పి చూద్దాం. కార్టిసాల్ రోజంతా ఒకేలా ఉండదు. తెల్లవారుజామున పెరుగుతుంది, నిద్ర లేచాక అరగంట ముప్పావుగంటలో ఇంకాస్త పైకి వెళ్తుంది, అర్ధరాత్రికి అడుగంటుతుంది. పొద్దున తీసిన ఒక్క నమూనాతో ఏదీ తేల్చలేం. పైగా మీరు హార్మోన్ మాత్రలు వాడుతున్నారు. వాటిలో ఈస్ట్రోజెన్ ఉంటే, రక్తంలో కార్టిసాల్‌ను మోసుకెళ్లే ప్రొటీన్ పెరుగుతుంది. ల్యాబ్ కొలిచేది ఆ ప్రొటీన్‌కు అంటుకున్నదానితో కలిపి మొత్తం కార్టిసాల్‌ను కాబట్టి, శరీరం మీద పనిచేసే భాగం పెరగకపోయినా అంకె పెద్దదిగా వస్తుంది. మీకు 'హెచ్' పడటానికి ఇదొక్కటే చాలు. నిద్రలేని రాత్రి తర్వాత రక్తం ఇవ్వడమూ తోడయి ఉండొచ్చు. అలాగని మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, ఆ సంగతి రాసిన డాక్టరుతో మాట్లాడండి. ఒక్కటి తెలుసుకోండి. ఆ మాత్రలతో ప్రతినెలా వచ్చే రక్తస్రావం మీ శరీరం సొంతంగా తెచ్చుకున్న నెలసరి కాదు. నెలసరి ఎందుకు ఆగిందన్న ప్రశ్న మాత్రల కింద కప్పబడిపోయి అలాగే ఉంది.

అయితే మీ అనుమానంలో నిజం లేదా అంటే, ఉంది. మీరు అనుకున్న దిక్కులో మాత్రం లేదు.

మెదడులో హైపోథాలమస్ అనే భాగం సీఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను వదులుతుంది. దాన్ని అందుకుని పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్‌ను పంపుతుంది. అది మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులకు చేరితే అవి కార్టిసాల్ విడుదల చేస్తాయి. కార్టిసాల్ తగినంత అయ్యాక మెదడుకు తెలిసి పైనుంచి ఉత్పత్తి తగ్గుతుంది. మేనేజరు తిట్టినప్పుడు నడిచేది ఈ వరసే. తిండి అందనప్పుడు నడిచేదీ ఇదే. గంటల తరబడి తిండి లేకపోతే మెదడుకు కావాల్సిన చక్కెర ఎక్కణ్నుంచో రావాలి. కార్టిసాల్ కండరాల్లోని ప్రొటీన్‌ను కరిగించి, దాంతో కాలేయం చక్కెర తయారుచేసేలా చూస్తుంది. రాబడి లేనప్పుడు ఇంట్లో సామాను అమ్మి ఇల్లు నడిపినట్టు. మిమ్మల్ని బతికించడానికే ఆ పని చేస్తుంది గానీ, ఏళ్ల తరబడి సాగితే ఎముకలు పలచబడతాయి, నెలసరిని నడిపే మెదడు సంకేతాలు అణిగిపోతాయి.

తిండి విపరీతంగా తగ్గించి బాగా బరువు కోల్పోయే అనొరెక్సియా అనే జబ్బులో కార్టిసాల్ ఎక్కువగా ఉంటుందని చాలాకాలంగా తెలుసు. 1986లో అమెరికాలో ఫిలిప్ గోల్డ్, ఆయన సహచరులు ప్రచురించిన ఒక పరిశీలన నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. చిక్కిపోయిన స్థితిలో ఉన్న రోగుల్లో కార్టిసాల్ బాగా ఎక్కువగా ఉంది. అప్పటికే ఉన్న కార్టిసాల్ అడ్డుపడటం వల్ల, బయటి నుంచి సీఆర్‌హెచ్ ఇచ్చినా పిట్యూటరీ అంతంతమాత్రంగానే స్పందించింది. బరువు తిరిగి మామూలుకొచ్చిన మూడు నాలుగు వారాలకు కార్టిసాల్ కూడా మామూలుకొచ్చింది, పిట్యూటరీ స్పందన మాత్రం ఇంకా కుదురుకోలేదు. కనీసం ఆరు నెలలు గడిచిన వాళ్లలో అదీ బాగుపడింది. కార్టిసాల్ తగ్గించే మందు ఇచ్చి బాగుచేసిన ఫలితం కాదది. తిండి అందింది, శరీరం దారిలో పడింది. మీలాగా మామూలు బరువుతో బులీమియా, అంటే అదుపు లేకుండా తిని వాంతి చేసుకునే జబ్బు, ఉన్నవాళ్లు అదే పరీక్షలో మామూలుగానే స్పందించారు. బులీమియా మీద తర్వాత జరిగిన పరిశోధనల్లో కొన్నిట్లో కార్టిసాల్ ఎక్కువగా, కొన్నిట్లో మామూలుగా వచ్చింది. అంటే 'ఈ జబ్బున్న ప్రతివాళ్లలో ఇంత ఉంటుంది' అని చెప్పగలిగే అంకె లేదు. మీ జబ్బును నిర్ధారించడానికీ, కాదనడానికీ ఆ రిపోర్టు పనికిరాదు.

డైటింగ్ ఒక్కటే కూడా ఈ వ్యవస్థను కదిలిస్తుంది. 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో 121 మంది మహిళలను నాలుగు బృందాలు చేశారు. కొందరు మూడు వారాలు తిండి బాగా తగ్గించారు, కొందరు తగ్గించకుండా తిన్నదంతా లెక్కరాశారు, కొందరు రెండూ చేశారు, కొందరు ఏదీ చేయలేదు. తిండి తగ్గించినవాళ్లలో కార్టిసాల్ పెరిగింది. లెక్కలు రాసినవాళ్లకు, ఒత్తిడిగా ఉందన్న భావన పెరిగింది. మీ ఫోన్‌లో ప్రతి ముద్దనూ లెక్కగట్టే యాప్ ఉంటే, దాన్ని తీసేయడం గురించి ఆలోచించడానికి ఈ కారణం చాలు.

ఇప్పుడు మీరు రాయినా అన్న మాట దగ్గరికి వస్తాను. ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది అదే.

మీటింగులో అప్పటికప్పుడు గుండె దడ తెప్పించేది అడ్రినలిన్, దానితో పనిచేసే నాడులు. అది క్షణాల్లో జరుగుతుంది. కార్టిసాల్ కొన్ని నిమిషాల తర్వాత గానీ పైకి రాదు. 1993లో జర్మనీలోని ట్రియర్‌లో పరిశోధకులు ఒక పద్ధతి తయారుచేశారు. ముఖంలో ఏ భావమూ చూపించని పరీక్షకుల ముందు నిలబడి ఉపన్యాసం ఇవ్వాలి, ఆపైన పెద్ద అంకె నుంచి చిన్న అంకెను వరసగా తీసేస్తూ పైకి చెప్పాలి. తప్పితే మొదటికి. మామూలుగా ఎవరికైనా దీంతో కార్టిసాల్ పెరుగుతుంది. ఈటింగ్ డిజార్డర్స్, అంటే అనొరెక్సియా, బులీమియా లాంటి జబ్బులు, ఉన్నవాళ్లకు ఇలాంటి పరీక్షలు పెట్టినప్పుడు, అన్నిట్లోనూ కాకపోయినా చాలా అధ్యయనాల్లో ఆ పెరుగుదల మందకొడిగా కనిపించింది. ఒత్తిడిగా ఉందని నోటితో చెబుతారు, శరీరం అంతగా కదలదు. లేదా మీలాగా రెండూ కదలనట్టే ఉంటుంది. రోజంతా తిండి లేక శరీరం అప్పటికే అత్యవసర స్థితిలో ఉంటే, కొత్తగా వచ్చిన ఒత్తిడికి పెరగడానికి చోటు తక్కువన్నది ఒక వివరణ. ఏళ్లుగా అలవాటైన ఒత్తిడికి వ్యవస్థ మొద్దుబారుతుందన్నది ఇంకోటి. మీ విషయంలో ఏది ఎంతో రక్తపరీక్ష చెప్పలేదు. కానీ ఆ రోజు మీరు ఏమీ అనుభవించలేదని నేను నమ్మను. ఆ అవమానం రాత్రి పదకొండింటికి వంటింట్లో బయటపడింది. మీరు రాయి అయితే ఆ రాత్రి అలా గడిచేది కాదు.

రాత్రి తిండి మీద మీకున్న సిగ్గు తగ్గడానికి ఇంకో సంగతి తెలియాలి. 1944, 45లలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకులతో ఒక ప్రయోగం చేశారు. ఒంట్లోనూ మనసులోనూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏరి తీసుకున్నారు. 24 వారాలు సగం తిండి పెట్టారు. బరువులో నాలుగో వంతు తగ్గారు. చలికి వణికారు, చిరాకుపడ్డారు, కుంగిపోయారు. తిండి తప్ప వేరే ధ్యాస లేక వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నారు. మళ్లీ తిండి దొరికాక కొందరు కడుపు పగిలేలా తిని కూడా తృప్తి లేదన్నారు. వాళ్లలో ఎవరికీ మనోబలం తక్కువ కాదు. ఒత్తిడి దీనికి తోడైతే ఏమవుతుందో ఎలిస్సా ఎపెల్ బృందం 2001లో చూపించింది. ఒత్తిడికి కార్టిసాల్ ఎక్కువగా పెరిగిన మహిళలు, తక్కువగా పెరిగినవాళ్ల కంటే ఆ తర్వాత ఎక్కువ తిన్నారు. వాళ్లు ఏ జబ్బూ లేనివాళ్లు. మీరు పగలంతా పస్తుండి, ఒత్తిడి మోసి, రాత్రికి ఒంటరిగా మిగులుతున్నారు. ఆ సమయంలో నోరు కట్టుకోవడం ఎవరికైనా కష్టమే.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. కార్టిసాల్ ఈ చక్రంలో ఒక భాగం, చక్రాన్ని మొదలుపెట్టింది అది కాదు. జన్యువులు, స్వభావం, చిన్నప్పటి అనుభవాలు, డైటింగ్ అన్నీ కలిసి ఈ జబ్బును తెస్తాయి. వీటిలో ఈరోజు మీ చేతికి అందేది పగటి పస్తు.

మీ ముందు కొన్ని దారులున్నాయి. ఆన్‌లైన్ మాత్రలు ఒకటి. వాటితో బులీమియా తగ్గుతుందని రుజువు లేదు. డబ్బు పోవడం కంటే నేను భయపడేది కాలం పోవడం గురించి. మాత్ర పనిచేస్తుందని చూస్తూ నెలలు గడుస్తాయి, పొటాషియం సంగతి ఎవరూ చూడరు. రెండోది, కార్టిసాల్ పరీక్షలు ఇంకా చేయించుకోవడం. కుషింగ్స్ లక్షణాలుంటే అది సరైన దారే, హార్మోన్ల డాక్టరు ఈస్ట్రోజెన్ మాత్రలను లెక్కలోకి తీసుకుని పరీక్షలు ఎంచుకుంటారు. ఆ లక్షణాలు లేకపోతే ఈ దారిలో జాగ్రత్త అవసరం. పస్తులు, డిప్రెషన్, విపరీతమైన వ్యాయామం కూడా ఆ పరీక్షలను పాజిటివ్‌గా చూపిస్తాయి. మీరు రాత్రుళ్ల సంగతి దాచిపెడితే, కార్టిసాల్‌ను పెంచే గడ్డ ఏదో ఉందేమోనని డాక్టరు లేనిదాని కోసం వెతుకుతూ ఉంటారు.

మూడోది, ఈటింగ్ డిజార్డర్స్ తెలిసిన సైకియాట్రిస్టు లేదా క్లినికల్ సైకాలజిస్టు దగ్గర చికిత్స. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ రూపొందించిన ఒక రకం కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్సకు, మంచి ఆధారాలున్నాయి. బరువు మరీ తగ్గనివాళ్లకు సాధారణంగా 20 వారాల్లో 20 సెషన్లు. కొందరికి ఫ్లుఆక్సెటిన్ అనే మందు కూడా ఇస్తారు, బులీమియాకు దాని మోతాదు డిప్రెషన్‌కు ఇచ్చేదానికంటే ఎక్కువే ఉంటుంది, అది డాక్టరు చూసుకోవాల్సిన సంగతి. ఇందులో ఖర్చుంది, సమయముంది, మొదటి వారాల్లో భయం తగ్గకపోగా పెరుగుతుంది. అయినా అన్నిటికంటే ఎక్కువ ఆశ ఉన్న దారి ఇదే అని నా అభిప్రాయం.

థెరపిస్టు దొరికేదాకా ఖాళీగా కూర్చోనక్కర్లేదు. ఆ థెరపీలో మొదట నేర్పేదే మీరు ఇంట్లో మొదలుపెట్టవచ్చు. రోజుకు మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి, మెలకువగా ఉన్నప్పుడు తిండికీ తిండికీ మధ్య నాలుగు గంటలు మించకుండా. ఏం తినాలన్నది మొదట్లో ముఖ్యం కాదు, ఎప్పుడు తినాలన్నదే ముఖ్యం. ఆకలి వేసిందా లేదా అని శరీరాన్ని అడగకుండా గడియారాన్ని నమ్మండి, ఎందుకంటే ఇన్నేళ్ల పస్తుల తర్వాత ఆకలి, తృప్తి సరిగ్గా తెలియవు. ముందు రాత్రి ఎంత తిన్నా సరే పొద్దున తినాలి. అన్నిటికంటే కష్టమైంది అదే. కడుపు ఉబ్బరంగా ఉంటుంది. వాంతులు ఆపిన మొదటి రోజుల్లో ఒంట్లో నీరు నిలిచి కాళ్లు, ముఖం ఇంకాస్త ఉబ్బవచ్చు, బరువు యంత్రం భయపెట్టవచ్చు. అది కొవ్వు కాదు, చాలామందికి కొద్ది వారాల్లో దిగుతుంది. ఇక్కడొక హెచ్చరిక. ఈమధ్య రోజుల తరబడి దాదాపు ఏమీ తినకుండా ఉండి ఉంటే, లేదా బరువు వేగంగా తగ్గి ఉంటే, తిండి ఒక్కసారిగా పెంచకండి. ఫాస్ఫేట్ పడిపోయి ప్రమాదం కావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే పెంచాలి.

ఏ దారిలో వెళ్లినా, నెలసరి మాత్రలు రాసిన డాక్టరుకు నిజం చెప్పకపోతే సగం వైద్యమే అందుతుంది. గొంతు పెగలదనిపిస్తే కాగితం మీద రాసి ఇవ్వండి: "నాకు వారంలో ఇన్నిసార్లు అదుపు లేకుండా తినడం, వాంతి చేసుకోవడం జరుగుతోంది. ఇన్నేళ్లుగా ఉంది." ఈ రెండు వాక్యాలు చాలు. ఎముకల సాంద్రత చూసే స్కాన్ అవసరమా అని కూడా అడగండి.

అక్క సంగతి. రిపోర్టు చూపించి నమ్మించాలన్న ఆలోచన నాకు అర్థమవుతోంది. తప్పు నాది కాదు, కాగితం మీద చూడు అని చెప్పాలనుంది మీకు. కానీ ఆ కాగితం మీద ఆధారపడితే, రేపు మళ్లీ పరీక్ష చేసి అంకె మామూలుగా వస్తే మీ దగ్గర చెప్పడానికి ఏమీ మిగలదు, ఆవిడకూ అనుమానం పెరుగుతుంది. జబ్బు పేరు నేరుగా చెప్పడం మేలు. రాత్రి, ఆ పని జరిగిన వెంటనే వద్దు. సెలవు రోజు మధ్యాహ్నం, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. చెబితే ఆవిడ కంగారుపడి మీ కంచం మీద కాపలా పెట్టే ప్రమాదముంది, బావగారికి చెప్పేయవచ్చు. చెప్పకపోతే ఈ బరువంతా మీరొక్కరే మోస్తూ, ఆసుపత్రికి ఒక్కరే తిరగాలి. అది మీరు తూచుకోవాల్సిన విషయం. చెప్పాలనుకుంటే, ఏం చేయాలో ఏం చేయకూడదో కూడా ముందే చెప్పండి: రాత్రి భోజనం నాతో కలిసి చెయ్యి, తిన్నాక ఒక గంట నాతో కూర్చో, నా బరువు గురించీ నేను ఎంత తిన్నాననేదాని గురించీ మాట్లాడకు, బావకు చెప్పాలో వద్దో నన్ను అడుగు. వాంతి చేసుకోవాలన్న తపన ఎక్కువగా ఉండేది ఆ గంటలోనే కాబట్టి ఆవిడ తోడు నిజంగా పనికొస్తుంది. ఆవిడ మళ్లీ మనోబలం మాట ఎత్తితే వాదించకండి. డాక్టరు దగ్గరికి వెళ్లేరోజు వెంట రమ్మనండి, ఈసీజీ గది బయట కూర్చోనివ్వండి, మీ తరఫున ఆ జవాబు డాక్టరునే చెప్పనివ్వండి.